బోర్టిల్ 8 పెరటి నుంచి నెబ్యులాలు: పాత డీఎస్ఎల్ఆర్, 135 ఎంఎం లెన్స్, చిన్న ట్రాకర్. ముందు ఫిల్టరా, కెమెరా మాడిఫికేషనా?

పెరటిచుక్క:

అందరికీ నమస్కారమండి. శివారు కాలనీలో ఇంటి పెరటి నుంచి నెబ్యులాలు (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాలు) తీయాలని చూస్తున్నాను. ఆకాశం బోర్టిల్ 8 (ఆకాశం ఎంత చీకటో చెప్పే 1 నుంచి 9 మెట్ల కొలత, 9 అంటే అత్యంత వెలుగు). పాలపుంత జాడ కూడా తెలియదు. నడినెత్తిన కాస్త నయం, దిగంతం వైపు అంతా వెలుగే.

నా దగ్గరున్నవి: కెనాన్ 600డీ (మాడిఫై చేయనిది), 135 ఎంఎం ఎఫ్/2 మాన్యువల్ లెన్స్, చిన్న స్టార్ ట్రాకర్ (చుక్కల వెంట కెమెరాను తిప్పేది), గట్టి ట్రైపాడ్, ఇంటర్వెలోమీటర్ (వరుసగా ఫ్రేములు తీయించేది). ఆటోగైడింగ్ (ఒక చుక్కను చూస్తూ ట్రాకింగ్‌ను సరిచేసే ఏర్పాటు) లేదు. బయట ల్యాప్‌టాప్ పెట్టుకునే వీలూ లేదు. స్టాకింగ్ (ఫ్రేములన్నీ ఒకదానిమీద ఒకటి కలపడం) సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాను.

ఎఫ్/2, ఐఎస్ఓ 1600, 60 సెకన్లు పెడితే ఫ్రేమ్ మొత్తం నారింజ రంగు కలిసిన తెలుపైపోతోంది. ఎక్స్‌పోజర్ తగ్గిస్తే మసక నెబ్యులా అసలు నమోదు కాదేమోనని అనుమానం. తక్కువ ఎక్స్‌పోజర్‌తో తీసిన ఫ్రేములు స్టాక్ చేసి స్ట్రెచ్ చేస్తే (మసక భాగాల వెలుగు పెంచితే) ఐమూలగా సన్నని గీతలు వస్తున్నాయి, అన్నీ ఒకే వాలులో. ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క ఆకుపచ్చ గ్రేడియంట్ (క్రమంగా మారే వెలుగు వాలు) కూడా ఉంటోంది, ఎంత తీసినా పూర్తిగా పోదు.

ఓరియన్ నెబ్యులా బాగానే వస్తోంది. రోజెట్ మాత్రం ఉందా లేదా అన్నట్టుంది. డ్యూయల్ నారోబ్యాండ్ ఫిల్టర్ (రెండు సన్నని రంగు పట్టీలనే లోపలికి పంపేది), కెమెరా మాడిఫికేషన్ (సెన్సార్ ముందున్న ఫిల్టర్ మార్పించడం), ఈ రెండిట్లో ప్రస్తుతానికి ఒక్కటే కుదురుతుంది. ఏది ముందు? ఇలాంటి ఆకాశం కింద ఒక్కో నెబ్యులాకు ఎన్ని గంటలు కావాలి?

నీహారిక77:

ముందు ఎక్స్‌పోజర్ సంగతి తేలుద్దాం, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి.

మీ ఫ్రేమ్ తెల్లబడడానికి కారణం ఆకాశం ఒక్కటే కాదు, మీ మూడు సెట్టింగులూ ఒకే వైపు లాగుతున్నాయి. ఐఎస్ఓ రెట్టింపైన ప్రతిసారీ పిక్సెల్ నిండిపోవడానికి సరిపడే ఎలక్ట్రాన్ల సంఖ్య సగమవుతుంది. ఐఎస్ఓ 1600 నుంచి 800కి దిగండి, లెన్స్‌ను ఎఫ్/2.8కి బిగించండి, 60 సెకన్లను 30 చేయండి. ఒక్కోదానికి ఒక స్టాప్ చొప్పున మొత్తం మూడు స్టాపులు, అంటే ఫ్రేమ్‌లో నమోదయ్యే ఆకాశపు వెలుగు ముందున్నదాంట్లో ఎనిమిదో వంతుకు వస్తుంది. ఎఫ్/2.8 వల్ల మూలల్లో చుక్కల ఆకారం కూడా బాగుపడుతుంది.

తక్కువ ఎక్స్‌పోజర్‌లో నెబ్యులా నమోదు కాదన్న అనుమానం వదిలేయండి. సెన్సార్ మీద పడిన ఫోటాన్ పడినట్టే. 60 సెకన్ల ఫ్రేములు 60 తీసినా, 30 సెకన్లవి 120 తీసినా నెబ్యులా నుంచి వచ్చే సిగ్నల్ ఒక్కటే. తేడా రీడ్ నాయిస్‌లో (సెన్సార్ నుంచి ఫ్రేమ్‌ను చదివేటప్పుడు కలిసే గరుకుదనం) వస్తుంది, ఎందుకంటే అది ఒక్కో ఫ్రేమ్‌కు ఒక్కోసారి కలుస్తుంది. ఆకాశపు నాయిస్ ముందు రీడ్ నాయిస్ లెక్కలోకి రానంత చిన్నదైతే ఎక్స్‌పోజర్ ఇంకా పెంచి ప్రయోజనం లేదు. దానికి షార్ప్‌క్యాప్ అనే ఖగోళ ఫోటోల సాఫ్ట్‌వేర్ రాసిన రాబిన్ గ్లోవర్ ప్రచారంలోకి తెచ్చిన సులువైన లెక్క ఉంది: రీడ్ నాయిస్‌ను దానితోనే గుణించి, 10తో గుణించి, ఒక పిక్సెల్‌లో సెకనుకు ఆకాశం నుంచి వచ్చే ఎలక్ట్రాన్ల సంఖ్యతో భాగించాలి. అంత ఎక్స్‌పోజర్ ఇస్తే రీడ్ నాయిస్ వల్ల మొత్తం నాయిస్ పెరిగేది 5 శాతం లోపే.

మీ కెమెరాకు ఐఎస్ఓ 800 దగ్గర రీడ్ నాయిస్ సుమారు 3 ఎలక్ట్రాన్లు అనుకోండి. బోర్టిల్ 8లో ఎఫ్/2.8 దగ్గర ఆకాశం సెకనుకు 9 ఎలక్ట్రాన్లు ఇస్తోందనుకుంటే, 90ని 9తో భాగిస్తే 10 సెకన్లు. ఫిల్టర్ లేకుండా మీకు నిజంగా అవసరమైనది అంతే. వేల ఫ్రేములు పోగవకుండా 30 సెకన్లు పెట్టుకోండి, హాయిగా సరిపోతుంది. కెమెరా తెర మీద హిస్టోగ్రామ్‌లో (ఏ వెలుగు ఎన్ని పిక్సెల్స్‌లో ఉందో చూపే బొమ్మ) ఆకాశపు గుట్ట ఎడమ అంచు వదిలి నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్యలో ఉంటే చాలు. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూడండి. సోడియం దీపాలున్న చోట ఎరుపు ఛానల్ అన్నిటికంటే ముందు నిండిపోతుంది, మొత్తం కలిపిన హిస్టోగ్రామ్‌లో అది బయటపడదు. ఒక్కో ఫ్రేమ్ నారింజగా కనిపించడం గురించి బెంగ వద్దు, ఆ రంగు తర్వాత తీసేయొచ్చు.

తీసేయలేనిది ఆకాశపు నాయిస్. బోర్టిల్ 8 ఆకాశంలో అసలు చిక్కు ఇదే. వెలుగు మట్టాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఎంతైనా తీసివేయొచ్చు, కానీ ఆ వెలుగు ఎగుడుదిగుడుగా రావడం వల్ల పుట్టిన గరుకుదనం ఫోటోలో మిగిలిపోతుంది. చీకటి ఆకాశం చదరపు ఆర్క్‌సెకనుకు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) 21 మాగ్నిట్యూడ్ (అంకె పెద్దదైతే చీకటి ఎక్కువ) ఉండి, మీ పెరట్లో 18 ఉందనుకోండి. మూడు మాగ్నిట్యూడ్ల తేడా అంటే దాదాపు 16 రెట్ల వెలుగు. అదే నాణ్యత రావాలంటే అక్కడి ఒక గంటకు ఇక్కడ 16 గంటలు కావాలి. సిగ్నల్, నాయిస్ నిష్పత్తి సమయపు వర్గమూలంతో పెరుగుతుంది కాబట్టి ఫోటో రెండింతలు మెరుగవ్వాలంటే సమయం నాలుగింతలు పెట్టాలి.

అందుకని గంటల లెక్క నెబ్యులాను బట్టి ఉంటుంది. ఓరియన్ నెబ్యులాకు ఫిల్టర్ లేకుండా గంటన్నర, రెండు గంటల్లో చక్కటి ఫోటో వస్తుంది. దాని నడిబొడ్డున ఉన్న ట్రపీజియం అనే చుక్కల గుంపు కోసం మాత్రం 2 నుంచి 5 సెకన్ల ఫ్రేములు ఒక పాతిక విడిగా తీసి కలపాలి, లేకపోతే మధ్యభాగం కాలిపోతుంది. రోజెట్, నార్త్ అమెరికా లాంటివి మాడిఫై చేయని కెమెరాతో, ఫిల్టర్ లేకుండా 6 గంటలు తీసినా నీరసంగానే ఉంటాయి.

ఒకే రాత్రి అంతా పూర్తి కానక్కర్లేదు. అదే ఫ్రేమింగ్‌తో వేర్వేరు రాత్రుల్లో తీసి కలపొచ్చు. ఏ రాత్రి ఫ్లాట్స్ (సమానంగా వెలిగే తెల్లటి తలాన్ని తీసిన ఫ్రేములు, లెన్స్ దోషాలు సరిచేయడానికి) ఆ రాత్రివే వాడాలి, అంతే.

ఎర్రకాంతి656:

ఫిల్టర్, మాడిఫికేషన్ ప్రశ్నకు వస్తాను.

1864లో విలియం హగ్గిన్స్ ఒక ప్లానెటరీ నెబ్యులా కాంతిని స్పెక్ట్రోస్కోప్‌లో చూస్తే రంగుల పట్టీ కనిపించలేదు, విడివిడి గీతలు కనిపించాయి. వెలుగుతున్నది వాయువని అప్పుడే తేలింది. అందులోని ఆకుపచ్చ గీతలు రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్‌వని 1927లో ఐరా బోవెన్ తేల్చేదాకా అదేదో కొత్త మూలకం అనుకున్నారు. నారోబ్యాండ్ ఫిల్టర్ పనిచేసేది ఆ గీతల పుణ్యాన్నే. హైడ్రోజన్ ఆల్ఫా 656.3 నానోమీటర్లు, ఆక్సిజన్-3 ముఖ్యమైన గీత 500.7 నానోమీటర్లు. ఎమిషన్ నెబ్యులా తన వెలుగులో అధికభాగం ఈ రెండు మూడు గీతల్లోనే పోస్తుంది, ఆకాశపు వెలుగు మాత్రం వర్ణపటమంతా పరుచుకుని ఉంటుంది. మీ కెమెరా ఎరుపు ఛానల్ దాదాపు 100 నానోమీటర్ల వెడల్పున కాంతిని తీసుకుంటుందనుకుంటే, 7 నానోమీటర్ల ఫిల్టర్ పెట్టగానే ఆకాశం సుమారు 14 రెట్లు తగ్గుతుంది, నెబ్యులా దాదాపు అలాగే ఉంటుంది. నీహారిక77 గారు చెప్పిన మూడు మాగ్నిట్యూడ్లు ఇంచుమించు తిరిగి వచ్చినట్టే.

పాత సీఎల్ఎస్ తరహా బ్రాడ్‌బ్యాండ్ ఫిల్టర్ల జోలికి ఇప్పుడు పోవద్దు. అవి సోడియం 589, పాదరసం 435.8, 546.1 గీతలను ఆపడానికి చేసినవి. వీధి దీపాలు తెల్ల ఎల్ఈడీలైతే వాటి వెలుగు గీతల్లో ఉండదు, వర్ణపటం పొడవునా ఉంటుంది. ఆపాల్సిన గీతే లేనప్పుడు ఆ ఫిల్టర్ చేసేది తక్కువ, రంగులు పాడుచేసేది ఎక్కువ.

మాడిఫికేషన్ వైపు చూస్తే, మామూలు డీఎస్ఎల్ఆర్ సెన్సార్ ముందున్న ఫిల్టర్ 656 దగ్గర కాంతిలో నాలుగో వంతుకు అటూఇటూగా మాత్రమే లోపలికి వదులుతుంది. మీ రోజెట్ ఉందా లేదా అన్నట్టు ఉండడానికి సగం కారణం ఇదే. దాన్ని తీసి సరైన గాజు వేయిస్తే హైడ్రోజన్ ఆల్ఫా సిగ్నల్ మూడు నాలుగు రెట్లవుతుంది. ఆ ప్రాంతంలో ఆకాశపు ఎరుపు కూడా కొంత పెరుగుతుంది కాబట్టి లాభం మొత్తం మిగలదు, అయినా చాలా మిగులుతుంది.

ఒక్కటే కుదురుతుందంటే నా ఓటు ఫిల్టర్‌కే. కారణాలు చెబుతాను. ఫిల్టర్ పెట్టుకోవచ్చు, తీయొచ్చు, రేపు కెమెరా మారినా పనికొస్తుంది. ఆక్సిజన్-3ని మాడిఫై చేయని కెమెరా కూడా పూర్తిగా తీసుకుంటుంది. వీల్, డంబెల్ లాంటివి మీకు వెంటనే అందుతాయి. పైగా గ్రేడియంట్ల గొడవ సగానికి సగం తగ్గిపోతుంది.

కొనేముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మీ లెన్స్‌కు ముందు పెట్టే పెద్ద సైజు నారోబ్యాండ్ ఫిల్టర్లు అరుదు, కాబట్టి కెమెరా లోపల అద్దం ముందు కూర్చునే క్లిప్ ఫిల్టర్ తీసుకోండి. ఈఎఫ్-ఎస్ లెన్సుల వెనుకభాగం లోపలికి పొడుచుకొస్తుంది, క్లిప్ ఫిల్టర్‌కు తగులుతుంది, కిట్ లెన్స్‌తో వాడకండి. ఫిల్టర్ పెట్టాక ఫోకస్ మారుతుంది, మళ్ళీ చేసుకోవాల్సిందే.

ఇంకోటి, 3 నానోమీటర్ల ఫిల్టర్ చూసి మనసు పారేసుకోవద్దు. ఈ ఫిల్టర్ల మీద కాంతి వాలుగా పడితే అవి వదిలే తరంగదైర్ఘ్యం నీలం వైపు జరుగుతుంది. ఎఫ్/4 దగ్గర కాంతి శంకువు అంచున ఆ జరుగుడు ఒక నానోమీటరు పైచిలుకు, ఎఫ్/2.8 దగ్గర దాదాపు 2.5, ఎఫ్/2 దగ్గర 5కి దగ్గర. మీరు ఎఫ్/2లో 3 నానోమీటర్ల ఫిల్టర్ వాడితే హైడ్రోజన్ ఆల్ఫా చాలావరకు ఫిల్టర్ దగ్గరే ఆగిపోతుంది. మీ లెన్స్‌కు 7 నుంచి 10 నానోమీటర్లది, ఎఫ్/2.8 లేదా ఎఫ్/3.5 సరైన జోడీ.

ఫిల్టర్‌తో ఎక్స్‌పోజర్ పెరుగుతుంది. పై లెక్కలో 9 ఎలక్ట్రాన్లు 14 రెట్లు తగ్గి 0.64 అవుతాయి, 90ని దానితో భాగిస్తే 140 సెకన్లు. అంటే రెండు నుంచి మూడు నిమిషాలు. ఐఎస్ఓ 1600కి పెంచుకుంటే రీడ్ నాయిస్ కొంచెం తగ్గి రెండు నిమిషాలతోనే సరిపోతుంది. అప్పుడు 120 ఫ్రేములకు నాలుగు గంటలు. రోజెట్ అక్కడ నిజంగా పువ్వులా విచ్చుకుంటుంది.

సగంచీకటి:

ఎర్రకాంతి656 గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. ఫిల్టర్ ఎమిషన్ నెబ్యులాలకే. కృత్తికల చుట్టూ ఉన్నది రిఫ్లెక్షన్ నెబ్యులా, చుక్కల నీలి వెలుగును ధూళి చెదరగొట్టడం వల్ల కనిపిస్తుంది. అందులో గీతలు లేవు, డ్యూయల్ ఫిల్టర్ పెడితే ఆకాశంతో పాటు అదీ పోతుంది. గెలాక్సీలదీ దాదాపు అదే కథ. మాడిఫై చేసిన కెమెరా అన్నిటికీ పనికొస్తుంది, ఎక్స్‌పోజర్లు చిన్నగానే ఉంటాయి, ట్రాకర్ మీద భారం పడదు. ఇష్టాలు రకరకాలుగా ఉంటే మాడిఫికేషన్ ముందు, ఎర్రటి నెబ్యులాలే ప్రాణమైతే ఫిల్టర్ ముందు. చేయించేవాళ్ళను ఒకటి అడిగి తెలుసుకోండి: పాత ఫిల్టర్ తీసిన చోట అల్ట్రావయొలెట్, ఇన్‌ఫ్రారెడ్ ఆపే గాజు మళ్ళీ వేస్తారా? అది లేకుండా వదిలేస్తే లెన్స్ ఇన్‌ఫ్రారెడ్‌ను వేరే చోట ఫోకస్ చేస్తుంది, ప్రతి చుక్క చుట్టూ ఉబ్బిన వలయం వస్తుంది. మామూలు ఫోటోల వైట్ బ్యాలెన్స్ కూడా మారిపోతుంది.

ఇక ఐమూల గీతలు. దాన్ని వాకింగ్ నాయిస్ అంటారు. సెన్సార్‌లో ప్రతి పిక్సెల్‌కు తనదైన చిన్న లోపం ఉంటుంది, అది కదలదు. పోలార్ అలైన్‌మెంట్ (ట్రాకర్ అక్షాన్ని ఆకాశ ధ్రువానికి గురిపెట్టడం) కొంచెం తప్పితే చుక్కలు మాత్రం గంటల తరబడి నెమ్మదిగా ఒకే దిక్కుకు జరుగుతాయి. స్టాకింగ్‌లో చుక్కలను ఒకదానిమీద ఒకటి పేరిస్తే, కదలని లోపాలు ఎదురు దిక్కుకు సాగి గీతలవుతాయి.

లెక్క చూడండి. పోలార్ అలైన్‌మెంట్ ఒక ఆర్క్‌నిమిషం (డిగ్రీలో 60వ వంతు) తప్పితే చుక్క అత్యధికంగా నిమిషానికి 0.26 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది. మీ 600డీ పిక్సెల్ 4.3 మైక్రాన్లు, 135 ఎంఎం మీద అది 6.6 ఆర్క్‌సెకన్లకు సమానం. అలైన్‌మెంట్ 5 ఆర్క్‌నిమిషాలు తప్పినా రెండు నిమిషాల ఫ్రేమ్‌లో జరిగేది 2.6 ఆర్క్‌సెకన్లు, అర పిక్సెల్ లోపే. ఏ ఫ్రేమ్ విడిగా చూసినా చుక్కలు గుండ్రంగానే ఉంటాయి. గంట గడిచేసరికి మాత్రం 78 ఆర్క్‌సెకన్లు, అంటే 12 పిక్సెల్స్. మీ గీతల పొడవు స్టాక్‌లో కొలిచి చూడండి, మీ అలైన్‌మెంట్ ఎంత తప్పిందో అదే చెబుతుంది.

మందు డిథరింగ్. కొన్ని ఫ్రేములకొకసారి కెమెరాను అటూ ఇటూ 10 నుంచి 20 పిక్సెల్స్ జరపాలి. అప్పుడు లోపాలు ప్రతిసారీ వేరే చోట పడతాయి, సిగ్మా క్లిప్పింగ్ (మిగతా ఫ్రేములతో పొసగని విలువలను వదిలేసే స్టాకింగ్ పద్ధతి) వాటిని ఏరేస్తుంది. డార్క్ ఫ్రేములు (లెన్స్ మూత పెట్టి, అదే ఎక్స్‌పోజర్‌తో తీసేవి) ఎన్ని తీసినా ఇది చేసే మేలు చేయవు.

పెరటిచుక్క:

అందరికీ ధన్యవాదాలండి. గీతల కారణం ఇప్పుడు అర్థమైంది. రెండు చిన్న ప్రశ్నలు. గైడింగ్, కంప్యూటర్ లేకుండా డిథరింగ్ చేతితో ఎలా చేయాలి? మా పెరటి నుంచి ధ్రువ నక్షత్రం చెట్టు చాటున పడుతుంది, పోలార్ అలైన్‌మెంట్‌కు వేరే దారి ఉందా? ఫ్లాట్స్ ఇంతవరకు తీయలేదు. గ్రేడియంట్‌కు వాటికి సంబంధం ఉందా?

సగంచీకటి:

డిథరింగ్‌కు సులువైన దారి: పది ఫ్రేములకొకసారి, రెండు ఫ్రేముల మధ్య విరామంలో ట్రాకర్‌ను 6 సెకన్లు ఆపి మళ్ళీ నడపండి. ఆకాశం సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు కదులుతుంది, 6 సెకన్లకు 90, మీకు దాదాపు 14 పిక్సెల్స్. ఖగోళ మధ్యరేఖకు దూరం జరిగేకొద్దీ ఇది తగ్గుతుంది, నార్త్ అమెరికా నెబ్యులా దగ్గర 10 పిక్సెల్స్ వస్తుంది. ఇదొక్కటే చేస్తే జరుగుడంతా ఒకే గీత మీద ఉంటుంది. అందుకని ఒకసారి ఇలా ఆపడం, ఇంకోసారి డెక్లినేషన్ మరను (కెమెరాను ఉత్తర దక్షిణాలకు జరిపేది) వెంట్రుకవాసి తిప్పడం, మార్చి మార్చి చేయండి. మర తిప్పాక కెమెరా ఊగడం ఆగేదాకా పది సెకన్లు ఓపిక పట్టండి. ఆ విరామం కోసం ఇంటర్వెలోమీటర్‌ను పదేసి ఫ్రేముల విడతలుగా పెట్టుకుంటే సరి.

ధ్రువ నక్షత్రం కనిపించకపోతే డ్రిఫ్ట్ పద్ధతి ఉంది. ట్రైపాడ్ మట్టం చేసి, అక్షాంశం స్కేలు మీద మీ అక్షాంశం పెట్టి, దిక్సూచితో ఉత్తరానికి తిప్పండి. దిక్సూచి చూపే ఉత్తరానికి, అసలు ఉత్తరానికి మీ చోట ఎంత తేడా ఉందో సరిచేసుకోండి, ఇనుప సామాను దగ్గర దిక్సూచి పెట్టకండి. ఆ తర్వాత నడినెత్తి గీతకు (ఉత్తర దక్షిణాలను కలుపుతూ నెత్తి మీదుగా పోయేది), ఖగోళ మధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఒక చుక్కను లైవ్ వ్యూలో 10 రెట్లు పెంచి, తెర అంచుకు ఆనించి చూడండి. చుక్క దక్షిణానికి జరుగుతుంటే ట్రాకర్ అక్షం తూర్పుకు తిరిగి ఉందని, ఉత్తరానికి జరుగుతుంటే పడమరకు తిరిగి ఉందని అర్థం. ఆ తర్వాత తూర్పున తక్కువ ఎత్తులో ఉన్న చుక్కను పట్టుకోండి. దక్షిణానికి జరిగితే అక్షం కిందికి ఉంది, ఉత్తరానికి జరిగితే పైకి ఉంది. ఇది ఉత్తరార్ధగోళం లెక్క. 135 ఎంఎంకు ఐదు నిమిషాల్లో ఒక పిక్సెల్ మించి జరగకపోతే చాలు, ఇంకా సాధించాలని రాత్రి వృథా చేయొద్దు.

మీరు చెట్టుకు పక్కగా జరిగితే ధ్రువ నక్షత్రం ఒక్క క్షణం కనిపించే చోటు ఉన్నా అక్కడే పెట్టుకోవడం మేలు. అది అసలు ధ్రువానికి సుమారు 40 ఆర్క్‌నిమిషాల దూరంలో ఉంది. సరిగ్గా దాని మీదికే గురిపెట్టినా నిమిషానికి 10 ఆర్క్‌సెకన్ల తప్పే. 30 సెకన్ల ఫ్రేములకు మీ లెన్స్‌తో అదీ సరిపోతుంది, ఫిల్టర్‌తో రెండు నిమిషాలకు సరిపోదు.

నీహారిక77:

ఫ్లాట్స్ లేకుండా గ్రేడియంట్ తీయడం కుదరని పని. కారణం చెబుతాను. మీ ఫోటోలో రెండు వేర్వేరు దోషాలు కలిసి ఉన్నాయి. ఒకటి లెన్స్ విన్యెటింగ్: మూలల్లో కాంతి ఒక నిష్పత్తిలో తగ్గుతుంది, అంటే గుణకారం. దాన్ని భాగించి సరిచేయాలి. రెండోది ఊరి వెలుగు: అది నెబ్యులా మీద అదనంగా చేరుతుంది, అంటే కూడిక. దాన్ని తీసివేయాలి. ఫ్లాట్స్ లేకపోతే సాఫ్ట్‌వేర్ ఈ రెండిటినీ కలిపి తీసివేతతో సరిచేయాలని చూస్తుంది. మీకు మిగిలే ఎరుపు, ఆకుపచ్చ మరకలు చాలావరకు అందులోంచి వచ్చినవే. ఆకాశం ప్రకాశంగా ఉన్న చోట విన్యెటింగ్ 20 శాతం ఉంటే, అది మసక నెబ్యులా కంటే ఎన్నో రెట్లు పెద్ద తేడా.

తీసే పద్ధతి: రాత్రి చివర్లో, ఫోకస్, అపర్చర్, ఫిల్టర్, కెమెరా తిరిగిన కోణం ఏదీ ముట్టుకోకుండా, లెన్స్ ముందు మడతల్లేని తెల్ల గుడ్డ కట్టి, దాని ముందు తెల్ల తెర పెట్టిన ట్యాబ్లెట్ ఆనించండి. అదే ఐఎస్ఓ. అపర్చర్ ప్రయారిటీ మోడ్‌లో హిస్టోగ్రామ్ గుట్ట నడిమధ్యకు వచ్చేట్టు 25 నుంచి 30 ఫ్రేములు. షట్టర్ సెకనులో వందో వంతు కంటే వేగంగా వస్తే ట్యాబ్లెట్ మినుకుమినుకు ఫ్రేమ్‌లో పట్టీలుగా పడుతుంది, ఇంకో తెల్ల కాగితం అడ్డం పెట్టి 1/30 లేదా అంతకంటే నెమ్మదిగా రానివ్వండి. లెన్స్ మూత పెట్టి అత్యంత వేగమైన షట్టర్‌తో బయాస్ ఫ్రేములు 50. డార్క్స్ విషయంలో సగంచీకటి గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను. శీతలీకరణ లేని కెమెరాలో ఉష్ణోగ్రత రాత్రంతా మారుతుంది, సరిపోలని డార్క్ మేలుకన్నా కీడే చేస్తుంది. కెమెరా బాగా వేడెక్కే వేసవిలో మాత్రం, రాత్రి చివర అదే ఎక్స్‌పోజర్, అదే ఐఎస్ఓతో 20 తీసి పెట్టుకోండి, వాటితో ఒకసారి, అవి లేకుండా ఒకసారి స్టాక్ చేసి ఏది బాగుంటే అది ఉంచుకోండి. కెమెరా మెనూలోని లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయండి, అది మీ సమయంలో సగం మింగేస్తుంది.

ఒక్క హెచ్చరిక: వీధి దీపం వెలుగు నేరుగా లెన్స్ గాజు మీద పడితే వచ్చే మసక చారలను ఏ ఫ్లాటూ సరిచేయలేదు. లెన్స్ హుడ్ తప్పనిసరి, చాలకపోతే దీపానికి, కెమెరాకు మధ్య నల్ల గుడ్డో అట్టో నిలబెట్టండి. లెన్స్ మీద మంచు పట్టినా ఫ్రేములు నెమ్మదిగా మసకబారుతూ పోతాయి. పవర్ బ్యాంక్ మీద నడిచే హీటర్ పట్టీ రాత్రి మొదట్లోనే చుట్టండి, గాజు తడిశాక చుడితే ఆరేసరికి చాలాసేపు పడుతుంది.

సిరిల్‌లో వరుస ఇలా పెట్టుకోండి. కాలిబ్రేషన్ (ఫ్లాట్స్, బయాస్‌తో ఫ్రేములను సరిచేయడం) అయ్యాక, స్టాక్ చేయడానికి ముందే, ప్రతి ఫ్రేమ్‌కు బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్ (ఆకాశపు వెలుగు తీసివేత) డిగ్రీ 1తో చేయండి. నెబ్యులా ఆకాశంలో కదిలేకొద్దీ ఊరి వెలుగు వచ్చే దిక్కు ఫ్రేమ్‌లో మారుతూ ఉంటుంది. అన్నీ కలిపేశాక అది చిక్కుముడి అవుతుంది, ఒక్కో ఫ్రేమ్‌లో అయితే దాదాపు సాదా వాలే. స్టాక్ అయ్యాక అంచులు కత్తిరించండి, డిథరింగ్ వల్ల అక్కడ ఫ్రేములు తక్కువ ఉంటాయి, ఆ అంచులను వదిలేస్తే గ్రేడియంట్ లెక్క తప్పుతుంది. అప్పుడు గ్రాక్స్‌పర్ట్ (గ్రేడియంట్ తీసే సాఫ్ట్‌వేర్). దానికి ఆటోమేటిక్‌గా వదలకుండా నమూనా చుక్కలను మీరే చూసుకోండి, నెబ్యులా మీద ఒక్కటి పడినా ఆ భాగాన్ని ఆకాశమనుకుని తుడిచేస్తుంది. రోజెట్ మీ ఫ్రేమ్‌లో 700 పిక్సెల్స్ వెడల్పే ఉంటుంది కాబట్టి చుట్టూ చోటుకు కొదవ లేదు. ఆ తర్వాత రంగుల కాలిబ్రేషన్, చివరకు స్ట్రెచ్.

ఫిల్టర్ వచ్చాక దారి మారుతుంది. మామూలు కలర్ కాలిబ్రేషన్ గీతల కాంతికి సరిపోదు. సిరిల్‌లో హైడ్రోజన్ ఆల్ఫా, ఆక్సిజన్-3 విడదీసే స్క్రిప్ట్ ఉంది, అది ఎరుపు పిక్సెల్స్ నుంచి మొదటిదాన్ని, ఆకుపచ్చ, నీలం పిక్సెల్స్ నుంచి రెండోదాన్ని తీస్తుంది. రెండిటినీ విడివిడిగా స్ట్రెచ్ చేసి, హైడ్రోజన్‌ను ఎరుపుకు, ఆక్సిజన్‌ను ఆకుపచ్చ, నీలం రెండిటికీ ఇవ్వండి. బేయర్ సెన్సార్‌లో నాలుగింట ఒక్క పిక్సెలే ఎరుపు, అందుకే హైడ్రోజన్ చిత్రం గరుకుగా అనిపిస్తే దానికి గంటలు పెంచడం తప్ప వేరే మార్గం లేదు. నాయిస్ తగ్గించే మీటను గట్టిగా తిప్పితే నెబ్యులాలోని సన్నని దారాలు మైనం ముద్దలైపోతాయి.

ఎర్రకాంతి656:

ఫోకస్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి కలుపుతున్నాను. ఎఫ్/2.8 దగ్గర ఫోకస్ సరిగ్గా ఉండే మందం సుమారు 20 మైక్రాన్లే. లెన్స్ మీది అనంతం గుర్తును నమ్మకండి. బాహ్టినోవ్ మాస్క్ (ఫోకస్ సరిచూసేందుకు లెన్స్ ముందు పెట్టే చీలికల పలక) పెట్టి, ప్రకాశమైన చుక్క మీద, ఫిల్టర్ అమర్చాకే ఫోకస్ చేసి, రింగుకు టేపు వేయండి. రాత్రి చల్లబడేకొద్దీ లెన్స్ సంకోచిస్తుంది, గంటకొకసారి మళ్ళీ చూడండి.

ఏవి తీయాలో ఎంచుకోవడంలోనూ జాగ్రత్త ఉంది. మీ ఫ్రేమ్ 9.4 డిగ్రీలు, 6.3 డిగ్రీలు. దానికి పెద్ద నెబ్యులాలే అందం. చలికాలంలో రోజెట్ (ఆర్ద్రకు దాదాపు 10 డిగ్రీలు తూర్పున), కాలిఫోర్నియా నెబ్యులా, హార్స్‌హెడ్ ఉన్న ప్రాంతం. హార్స్‌హెడ్ చీకటి నెబ్యులా అయినా దాని వెనక వెలుగుతున్నది హైడ్రోజనే, ఫిల్టర్ బాగా పనిచేస్తుంది. వేసవి, వానాకాలాల్లో మబ్బు విడిచినప్పుడు నార్త్ అమెరికా, వీల్, ధనూరాశిలో లగూన్. లగూన్‌తో పాటు ట్రిఫిడ్ కూడా అదే ఫ్రేమ్‌లోకి వస్తుంది. రింగ్ నెబ్యులా ఒకటిన్నర ఆర్క్‌నిమిషం కూడా ఉండదు, 135 ఎంఎం మీద అది ఉబ్బిన చుక్క మాత్రమే. దాని మీద గంటలు పెట్టకండి.

నెబ్యులా 30 డిగ్రీల ఎత్తుకు దిగితే దాని కాంతి నడినెత్తిన కంటే రెండింతల గాలిలోంచి రావాలి, పైగా ఊరి వెలుగు అక్కడే దట్టం. నడినెత్తి గీత దాటడానికి రెండు గంటల ముందు మొదలుపెట్టి రెండు గంటల తర్వాత ఆపేయండి.

పెరటిచుక్క:

చాలా స్పష్టంగా చెప్పారు. ఎర్రటి నెబ్యులాల మీదే మనసు ఉంది కాబట్టి 7 నానోమీటర్ల క్లిప్ ఫిల్టర్‌కే వెళతాను. ఆఖరిగా ఒకటి: ఫిల్టర్ ఉంటే పున్నమి రోజుల్లో కూడా తీయొచ్చంటారు, నిజమేనా?

ఎర్రకాంతి656:

హైడ్రోజన్ ఆల్ఫాకు నిజం, ఆక్సిజన్-3కి సగం నిజం. వెన్నెల గాలిలో చెదిరేది నీలం, ఆకుపచ్చ వైపు ఎక్కువ. 500 నానోమీటర్ల కిటికీలోంచి అది బాగానే దూరుతుంది, 656 దగ్గర తక్కువ. అందుకని చంద్రుడున్న రాత్రుల్లో రోజెట్, కాలిఫోర్నియా లాంటి హైడ్రోజన్ బలంగా ఉన్నవి, చంద్రుడికి కనీసం 60 డిగ్రీల దూరంలో ఉన్నప్పుడు తీయండి. వీల్, డంబెల్ లాంటి ఆక్సిజన్ ఉన్నవాటికి అమావాస్య చుట్టూ రాత్రులు దాచుకోండి. రెండు రకాల రాత్రుల ఫ్రేములు ఒకే నెబ్యులావి అయితే, విడదీసే స్క్రిప్ట్ తర్వాత హైడ్రోజన్‌కు అన్నీ కలపండి, ఆక్సిజన్‌కు వెన్నెల లేనివే కలపండి.